పై పొర ఉంచండి, కింది పొర పారబోయండి

ఇది మొన్న బుధవారం జరిగింది. ఇవాళ శనివారం. ఇప్పటికీ నేను కాలేజీ మెట్లెక్కుతుంటే ఎవరో ఒకరు గట్టిగా ముక్కు ఎగపీల్చి, నా వైపు చూసి, తల తిప్పుకుని నవ్వుతున్నారు. ఇంకో నెల ఆగితే నాక్కూడా నవ్వొస్తుందేమో. కానీ అప్పటికి కోపం పోతుంది, కోపంతో పాటు వివరాలూ పోతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊళ్ళో, ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను కెమిస్ట్రీ చెబుతాను. పదకొండేళ్ళ సర్వీసు. ఈ పదకొండేళ్ళలో సెకండియర్ పిల్లల చేత ఎస్టరిఫికేషన్ ప్రయోగం పదకొండుసార్లు చేయించాను. అంటే, చేయించినట్టు పదకొండుసార్లు సంతకం పెట్టాను. ఒక ఆర్గానిక్ యాసిడ్, ఒక ఆల్కహాలు, కాస్త గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపి కాచితే కమ్మటి వాసన వేసే ఎస్టర్ వస్తుంది. ఫిషర్, స్పీయర్ అనే ఇద్దరు 1895లోనే ఈ పద్ధతి చెప్పేశారు. వాళ్ళకి వచ్చింది. మా ల్యాబ్‌లో రాదు.

రాకపోయినా ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే రికార్డులో వస్తుంది. 'వాసన: పండ్ల వాసన. ఈల్డ్: 85 శాతం.' ఈల్డ్ అంటే లెక్క ప్రకారం రావాల్సినదాంట్లో నిజంగా చేతికొచ్చింది ఎంత అని. ప్రతి బ్యాచ్ కిందటి బ్యాచ్ రికార్డు చూసి ఇదే దించుతుంది. అసిటిక్ యాసిడ్, ఇథనాల్ సమాన పాళ్ళలో కలిపి కూర్చుంటే ఆ రియాక్షన్ మూడింట రెండు వంతుల దగ్గరికి వెళ్ళి చతికిలబడుతుంది. ముందుకెంత వెళ్తే వెనక్కంత వస్తుంది, మా ఇంక్రిమెంట్ల ఫైలు లాగా. రోజంతా కాచినా 67 దగ్గరే. మరి 85 ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏ మహానుభావుడు ఏ సంవత్సరం మొదలుపెట్టాడో, ఆయనకి ఈపాటికి మనవలు పుట్టి ఉంటారు. ఆ 85 మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ ఏడాదీ అలాగే గడిచిపోయేది. మార్చి మధ్యలో, కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోందని తెలిసింది. కరస్పాండెంట్ గారు స్టాఫ్ మీటింగు పెట్టి, సమోసా ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నన్ను చూపించి, "మేడమ్, కెమిస్ట్రీలో ఏదైనా లైవ్‌గా చూపించండి. మంచి వాసన వచ్చేది చూడండి" అన్నారు.

మంచి వాసన వచ్చేది. పోయినేడు కొత్త గ్లాస్‌వేర్ అడిగితే "ఉన్నవి పగిలాక చూద్దాం" అన్న మనిషి ఆయన.

సరే, పదిహేను రోజులు కుస్తీ పట్టాం. మొదటిసారి ఏ వాసనా రాలేదు. చూస్తే సల్ఫ్యూరిక్ యాసిడ్ సీసాకి మూత లేదు. ఎవరో దూది కుక్కారు, ఆ దూది ఎప్పుడో బొగ్గయిపోయి మెడ దగ్గర నల్లగా వేలాడుతోంది. గాలిలో తేమంతా తాగి యాసిడ్ నీరసించిపోయింది. రెండోసారి పిల్లలు ఫ్లాస్కులు తళతళా కడిగి, తుడవకుండా, ఆ తడితోనే మొదలుపెట్టారు. మూడోసారి ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌కి నీళ్ళ గొట్టం పైనుంచి ఇచ్చారు. కింద నుంచి ఇవ్వాలని చెప్పి మార్పించేసరికి ట్యాంకులో నీళ్ళయిపోయాయి. నాలుగోసారి నేనే విసుగొచ్చి ఇంటికి వెళ్ళిపోయాను.

అసలు అనుకున్నది అరటిపండు వాసన వచ్చే ఎస్టర్. దానికి ఐసోఅమైల్ ఆల్కహాలు కావాలి. కొనమని ఆఫీసుకి ఇండెంట్ పెట్టాను. ఆఫీసు నుంచి తిరిగొచ్చింది, 'ఆల్కహాలు ఏ అవసరం నిమిత్తం?' అని ఎర్ర సిరాతో. దానికి జవాబు రాసి పంపాను. అది ఇంకా తిరిగి రాలేదు. బీరువా తెరిచి చూస్తే ఆస్పిరిన్ ప్రయోగానికి కొన్న శాలిసిలిక్ యాసిడ్ సగం డబ్బా, మిథనాల్ ఒక సీసా మిగిలున్నాయి. ఈ రెండూ కలిస్తే మిథైల్ శాలిసిలేట్ వస్తుంది. అదీ ఎస్టరే. దానికీ వాసన ఉంది. పండ్ల వాసన కాదు, ఒళ్ళునొప్పుల బామ్ వాసన. ఫరవాలేదనుకున్నాను. కమిటీ వాళ్ళు వయసు మళ్ళిన వాళ్ళే వస్తారు, ఆ వాసన వాళ్ళకి ఇంకా దగ్గర.

బుధవారం పొద్దున్నే కొత్త యాసిడ్ సీసా తెప్పించి, ఆరబెట్టిన ఫ్లాస్కులో పది గ్రాముల శాలిసిలిక్ యాసిడ్, ముప్ఫై మిల్లీలీటర్ల మిథనాల్ వేసి, వాటర్ బాత్ మీద రెండు గంటలకి పైగా రిఫ్లక్స్ చేశాం, అంటే ఆవిరి చల్లారి మళ్ళీ ఫ్లాస్కులోకే దిగేలా కాచాం. ఈసారి నీళ్ళు సరిగ్గా పారాయి. కరెంటు పోలేదు. మిగిలిన మిథనాల్ ఎగరగొట్టి, బీకరులో వంద మిల్లీలీటర్ల నీళ్ళలో పోసి, బైకార్బొనేట్ వేసి నురగ చల్లారేదాకా కలిపాం. ల్యాబంతా గుప్పుమంది. పదకొండేళ్ళలో మొదటిసారి నా ల్యాబ్‌లో ఒక ఎస్టర్ పుట్టింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మా అటెండరు, కాలేజీ అంతా బాబాయ్ అని పిలిచే పెద్దాయన, గుమ్మం దగ్గర నిలబడి, "మా ఆవిడ మంచం దగ్గర ఇదే వాసనండి" అన్నాడు.

ఇక్కడిదాకా అన్నీ బాగానే జరిగాయి. ఇక్కడ ఆపేసి ఇంటికెళ్ళిపోయి ఉంటే ఎంత బాగుండేది!

దాన్ని సెపరేటింగ్ ఫన్నెల్‌లో, అంటే అడుగున కుళాయి ఉన్న గాజు గరాటులో పోశాం. స్టాండుకి బిగించి ఐదు నిమిషాలు వదిలేస్తే రెండు పొరలు తేరుకున్నాయి. పైన తేటగా, ఫన్నెల్ నిండా ఒక పెద్ద పొర. అడుగున, కుళాయి మీద, కోడిగుడ్డు సొనంత చిన్న పొర. పొరలు విడిపోవడం పిల్లలు ఎప్పుడూ చూడలేదు. ముప్ఫైమంది మూగారు. అంతమంది పిల్లలు నోరు తెరిచి చూస్తుంటే ఏ టీచరుకైనా ఒంటి మీదికి ఏదో పూనుతుంది. నాకు ఆవకాయ పూనింది.

"ఏది పైన ఉంటుందర్రా?" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు.

"మీ ఇంట్లో ఆవకాయ జాడీ ఉందా?"

ఉంది. గోదావరి జిల్లాల్లో ఆవకాయ జాడీ లేని ఇల్లుందా? ఏప్రిల్ మొదటివారం, బజార్లో అప్పుడే పుల్లకాయలు దిగుతున్నాయి, నాకు పొద్దున్నించీ అదే ధ్యాస. "జాడీ మూత తీస్తే పైన ఏముంటుంది? నూనె! మూడోరోజు తిరగ్గలిపాక నాలుగు వేళ్ళ మందాన నూనె పైకి తేలాలి. తేలకపోతే మీ అమ్మమ్మ ఏం చేస్తుంది? ఇంకో అర కేజీ నువ్వుల నూనె పోస్తుంది. చేపల పులుసు దింపాక ఏం తేలుతుంది? నూనె. గోంగూర పచ్చడి మీద? నూనె. ఎస్టర్ అంటే ఏమిటి? నూనె లాంటిదే. నీళ్ళలో కరగదు. కాబట్టి ఎక్కడ ఉంటుంది?"

"పైన మేడమ్!" అని ముప్ఫై గొంతులు.

"పై పొర ఉంచండి, కింది పొర పారబోయండి" అని, కుళాయి మీద చెయ్యి వేశాను.

ఆ కుళాయి సంగతి చెప్పాలి. అది మామూలుగా తిరగదు. చవకలో కొన్నది, గాజు గాజుకి పట్టేస్తుంది. వ్యాజలైన్ రాస్తే కాస్త కదులుతుంది, కదిలినా ధారగా రాదు, ఒక్కో చుక్కా రాలుతుంది. కింద ఉన్నది ఏడెనిమిది మిల్లీలీటర్లే అయినా పూర్తిగా దిగడానికి మూడు నిమిషాలు పట్టింది. అంటే తప్పు దిద్దుకోవడానికి దేవుడు నాకు నిండుగా మూడు నిమిషాలు ఇచ్చాడు. ఆ మూడు నిమిషాలూ నేను ఆవకాయ గురించే మాట్లాడాను.

ఫన్నెల్ కింద బీకరు పెట్టాలి. బీకర్లన్నీ కమిటీ కోసం కడిగి వరసలో పేర్చి ఉన్నాయి, ఒకటి తీస్తే వరస చెడుతుందని స్టాండునే సింకు మీదికి జరిపాను. ఆ సింకు మీద గోడకి ఒక బోర్డుంది. 'రసాయనాలు సింకులో పారబోయరాదు.' లామినేషన్ చేయించి అంతకుముందు రోజు సాయంత్రం నేనే అతికించాను. అక్షరాలు వంకరగా వచ్చాయని రెండోసారి పీకి అతికించాను కూడా.

మొదటి చుక్క పడింది. వెనక వరసలో ఎప్పుడూ మాట్లాడని ఒక పిల్ల, "మేడమ్, కింద పడేదానికే వాసన ఎక్కువ వస్తోందండి" అంది.

"వాసన గదంతా వస్తోందమ్మా. దానికి పైనా కిందా తేడా ఉండదు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే, ఆ పిల్ల నోట్సులో రాసుకుంది.

ఇరవయ్యో చుక్క దగ్గర బాబాయ్ వంగి చూశాడు. "మేడమ్ గారూ, ఈ కింది నీళ్ళు జిడ్డుగా ఉన్నాయండి."

"అది యాసిడ్ జిడ్డు బాబాయ్" అన్నాను.

యాసిడ్ జిడ్డు! ఎమ్మెస్సీ చదివాను నేను. బైకార్బొనేట్ వేసి యాసిడ్ విరిచేశాక ఇంకా యాసిడ్ ఎక్కడిది, దానికి జిడ్డెక్కడిది? ఆ ముక్క నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. రాత్రి పడుకున్నాక కూడా చెవిలో వినిపిస్తోంది.

చివరి చుక్క సింకులో పడింది. పైన మిగిలినదాన్ని కోనికల్ ఫ్లాస్కులో పట్టాం. ఈల్డ్ కట్టమన్నాను. ఎప్పుడూ ఫస్టు వచ్చే కుర్రాడు బ్యాలెన్స్ దగ్గరికెళ్ళి తూచి, క్యాలిక్యులేటర్ నొక్కి, మళ్ళీ నొక్కి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "మేడమ్, 115.5 గ్రాములు వచ్చిందండి. పది గ్రాముల యాసిడ్‌కి రావాల్సింది 11 గ్రాములండి. ఈల్డు 1050 శాతమండి."

మామూలు మనిషైతే అక్కడైనా ఆగాలి. నేను ఆగలేదు. "తడి ఉంది నాన్నా. ఆరబెడితే తగ్గుతుంది" అన్నాను. తడిని లాగడానికి అన్‌హైడ్రస్, అంటే నీరు లేని, సోడియం సల్ఫేట్ వేస్తారు. ఒక చెంచా వేశాను. మాయమైంది. ఇంకోటి వేశాను. అదీ మాయమైంది. పాయసంలో పంచదార కరిగినట్టు కరిగిపోతోంది. "చూశారా, ఎంత నీరు లాగుతోందో!" అన్నాను. పదో చెంచాకో ఏమో, కరగడం మానేసి అడుగున పేరుకుంది. కలిపితే లేచి, మళ్ళీ కూర్చుంటుంది. ఇంకా వేశాను. కొత్త డబ్బా, 500 గ్రాములు. నాకు పట్టుదలెక్కువ.

మామూలుగా అయితే ఆ సోడియం సల్ఫేట్ ఒక్కో అణువుకి పది నీటి అణువుల్ని పట్టుకోగలదు. కానీ ఆ పట్టు 32.4 డిగ్రీల లోపే. అది దాటితే వదిలేస్తుంది. మా ల్యాబ్‌లో ఆరోజు 36 డిగ్రీలుంది. బ్యాలెన్స్ ఊగుతుందని ఫ్యాన్లు ఆపేశాం. ఈ 32.4 సంగతి ఏటా వైవాలో పిల్లల్ని అడుగుతాను. చెప్పకపోతే ఒక మార్కు తీసేస్తాను.

ఇదంతా పై అంతస్తు కథ. కింద ఏం జరిగిందో తర్వాత తలో ముక్కా చెబితే అతుక్కున్నాను.

మా ల్యాబ్ సింకు గొట్టం గోడ వెంట దిగి స్టాఫ్‌రూం వెనకనుంచి పోయి, ప్రిన్సిపాల్ గారి గదిలో వాష్‌బేసిన్ గొట్టంలో కలుస్తుంది. అక్కడ వాసన ఆపే వంపు గొట్టం ఉండాలి. అది విరిగి రెండేళ్ళయింది, దానికీ ఒక ఇండెంట్ ఉంది. ఆ సమయంలో ప్రిన్సిపాల్ గారి గదిలో కమిటీ వాళ్ళు పెసరట్టు ఉప్మా తింటున్నారు. అల్లం పచ్చడి ఘాటు మీద బామ్ వాసన వచ్చి కూర్చుంది. ఛైర్మన్ గారు పెసరట్టు ముక్క నోటిదాకా తీసుకెళ్ళి, వాసన చూసి, "ఇందులో ఏం వేశారు?" అన్నారట. క్యాంటీన్ కుర్రాణ్ణి పిలిపించారు. వాడు తిరుపతి వెంకన్న మీద ఒట్టేశాడట.

తర్వాత అనుమానం మా తెలుగు మాష్టారి మీదికి వెళ్ళింది. పాపం ఆయనకి మోకాళ్ళ నొప్పులు, జేబులో ఎప్పుడూ పసుపు రంగు బామ్ సీసా ఉంటుంది. ప్రిన్సిపాల్ గారు ఆయన్ని పక్కకి పిలిచి, "మాష్టారూ, ఇవాళ ఒక్కరోజు రాసుకోకుండా ఉండాల్సింది" అన్నారట. మాష్టారికి పౌరుషం వచ్చింది. కమిటీ ముందే నిలబడి, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారనీ, 1908లో ఆంధ్రపత్రిక మొదలుపెట్టారనీ, తలనొప్పి మందు అమ్మిన డబ్బుతో ఒక భాషకి పత్రికను నిలబెట్టిన జాతి మనదనీ, బామ్ వాసన సిగ్గుపడాల్సింది కాదనీ పావుగంట ఉపన్యసించారట. బుధవారం ఆయన బామ్ సీసా మూత తీయలేదు. ఆయనే చెప్పారు. నాతో మాట్లాడ్డం మానేసే ముందు.

కమిటీ పైకొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. నలుగురు. వాళ్ళలో ఒకాయన రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసరు, మెడలో దారానికి కళ్ళజోడు. నా ఫ్లాస్కు చేతికి తీసుకుని, వెలుతురుకి పెట్టి చూశారు. అడుగున మూడు వేళ్ళ మందాన తెల్లటి బురద. ఊపారు. బురద గజగజా కదిలింది.

"ఏమిటమ్మా ఇది?"

"మిథైల్ శాలిసిలేట్ సార్. డ్రయింగ్‌లో ఉంది."

ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తీసి, నన్ను చూశారు. మళ్ళీ పెట్టుకున్నారు. "దీని డెన్సిటీ ఎంతమ్మా?"

చెబుదామని నోరు తెరిచాను. 1.17. ఆ అంకె నాకు తెలుసు. పదేళ్ళుగా తెలుసు. నీటికంటే బరువు. చాలా ఎస్టర్లు నీటి మీద తేలతాయి, ఇథైల్ అసిటేట్ 0.9, అరటిపండుది అంతకంటే తేలిక. తేలనివాళ్ళలో ఇదొకటి. పదకొండేళ్ళలో ఒక్క ఎస్టర్ కూడా నిజంగా చేయలేదు కాబట్టి, ఆ 1.17కీ ఫన్నెల్‌లో పైనా కిందా అనే దానికీ సంబంధం ఉందని నాకెప్పుడూ తట్టలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. "ఒకటి..." అన్నాను.

ఆయన ఇంకేం అడగలేదు. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, మెల్లగా సింకు దగ్గరికి నడిచి, బోర్డు ఒకసారి చదివి, వంగి వాసన చూశారు. లేచి, "ప్రొడక్టు ఇక్కడుందమ్మా" అన్నారు.

వెనక వరస పిల్ల నా వైపు చూడలేదు. అంత మంచి పిల్ల. బాబాయ్ చూశాడు.

కమిటీ ఏం రాసుకుందో తెలీదు. కరస్పాండెంట్ గారు మాత్రం ఆ సాయంత్రం పిలిచి, "పోన్లెండి, వాసనైతే వచ్చింది కదా" అన్నారు. ఓదార్పో ఎత్తిపొడుపో ఆయన ముఖం చూసి చెప్పడం కష్టం. గురువారం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సోడియం సల్ఫేట్ 500 గ్రాములు ఒక్కరోజులో ఎలా ఖర్చయిందో మూడు ప్రతుల్లో సంజాయిషీ ఇవ్వాలట. మూడు! వంపు గొట్టం విరిగి రెండేళ్ళయితే ఒక్క ప్రతి ఇచ్చిన పాపాన పోలేదు.

ఇవాళ పొద్దున్న ల్యాబ్ రికార్డులు సంతకానికి వచ్చాయి. ముప్ఫై పుస్తకాలు. బుధవారం ప్రయోగం దగ్గర తెరిచాను. కాలేజీ అంతా నాలుగు రోజులుగా బామ్ వాసన కొడుతోంది. ప్రిన్సిపాల్ గారు కుర్చీ వరండాలో వేసుకున్నారు. ముప్ఫై పుస్తకాల్లోనూ ఒకటే ఉంది. 'వాసన: పండ్ల వాసన. ఈల్డ్: 85 శాతం.'

ఏ పండో కనుక్కుందామని ఫస్టు వచ్చే కుర్రాణ్ణి పిలిచాను. వాడు వచ్చేలోపు లాంగ్ బెల్లు కొట్టేశారు.